చేతిపనిని చదువుగా నిలిపిన మహనీయుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య

మన నెల్లూరు సీమకు ప్రాణాధారమైన పెన్నానది కర్ణాటకమందలి నంది కొండలలో పుట్టి, దాదాపు ఆరు వందల కిలోమీటర్లు ప్రవహించి, సోమశిల, సంగం, నెల్లూరుల మీదుగా సాగి ఊటుకూరు వద్ద బంగాళాఖాతంలో కలుస్తున్నది. ఏ నంది కొండలు మనకు ఈ నదిని ప్రసాదించినవో, ఆ కొండల పాదాన ఉన్న ముద్దెనహళ్లి అనే చిన్న గ్రామమే భారతదేశానికి ఒక మహాశిల్పిని కూడా ప్రసాదించింది. ఆయనే సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. ఆనకట్టలు కట్టిన ఇంజనీరుగా, మైసూరు దివానుగా, భారతరత్నగా ఆయనను ఎరుగనివారు లేరు. ప్రతి సంవత్సరం సెప్టెంబరు 15వ తేదీన ఆయన పేరిట ఇంజనీర్ల దినోత్సవం జరుపుకుంటున్నాము. కాని తాపీ పట్టే చేతికి, సుత్తి పట్టే చేతికి, విద్యుత్తు తీగ కలిపే చేతికి కూడా పాఠశాల కావాలని ఆయన జీవితాంతం పడిన తపన అంతగా ప్రచారంలోకి రాలేదు. ఆయన జీవితాన్ని ఆ కోణం నుండి పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

విశ్వేశ్వరయ్యగారు 1860వ సంవత్సరం సెప్టెంబరు 15న జన్మించారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితులు. తల్లి వెంకటలక్ష్మమ్మ. వారి పూర్వులు గిద్దలూరు సమీపంలోని మోక్షగుండం గ్రామానికి చెందిన తెలుగువారు. తరతరాల క్రిందట మైసూరు ప్రాంతానికి తరలిపోయినా ఇంటిపేరులో ఊరి పేరును, ఇంటిలో తెలుగు భాషను విడువలేదు. ఆ కుటుంబానికి పాండిత్యం ఉన్నది గాని సంపద లేదు. చిన్నతనంలోనే తండ్రి గతించగా, చిక్కబళ్లాపురంలో ప్రాథమిక విద్య ముగించిన బాలుడు బెంగుళూరులోని మేనమామ రామయ్యగారి ఆదరణలో పై చదువులు చదివాడు. సెంట్రల్ కళాశాలలో బి.ఏ. చదివే రోజులలో ఒక కొడగు కుటుంబంలోని పిల్లలకు చదువు చెప్పి, తన ఖర్చులకు తానే సంపాదించుకున్నాడు. పేదరికం చదువును ఎక్కడ ఆపివేస్తుందో ఆయనకు గ్రంథాల వలన తెలిసినది కాదు. అనుభవం వలన తెలిసినది.

మైసూరు ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థి వేతనంతో పూనా సైన్సు కళాశాలలో ఇంజనీరింగు చదివి, 1883లో ప్రథముడుగా ఉత్తీర్ణులై జేమ్స్ బర్క్‌లీ బహుమతి పొందారు. 1884లో బొంబాయి ప్రభుత్వ మరామత్తు శాఖలో సహాయక ఇంజనీరుగా చేరారు. నాసిక్, ఖాందేశ్, సుక్కూరు, సూరతు, పూనా ప్రాంతాలలో నీటి సరఫరా, కాలువలు, మురుగునీటి పారుదల పనులు నిర్వహించారు. ఖడక్‌వాస్లా జలాశయానికి ఆయన రూపొందించిన స్వయంచాలక తలుపులను 1903లో అమర్చారు. వరద పెరిగినపుడు ఆ తలుపులు మనిషి చేయి తగలకుండానే తెరచుకొని, నీటిమట్టం తగ్గగానే తమంతట తామే మూసుకుంటాయి. ఆనకట్ట ఎత్తు పెంచకుండానే అధిక జలాన్ని నిలువ చేయడం ఇందువలన సాధ్యమయింది. ఆ తలుపులకు పేటెంటు హక్కు తనదే అయినా, ఉద్యోగిగా చేసిన పనికి వేరుగా ప్రతిఫలం తీసుకొనరాదని భావించి, ఆయన రాయల్టీని స్వీకరించలేదు.

ఒక విషయం మనం గమనించాలి. తలుపుల నమూనాను కాగితం మీద గీయడం ఒక ప్రతిభ. గీసిన దానిని గీసినట్లు ఇనుములో పోతపోసి, వెంట్రుకవాసి తేడా లేకుండా బిగించడం మరొక ప్రతిభ. రెండవది లోపించినచో మొదటిది నిరుపయోగం. పాతికేళ్ల ఉద్యోగ జీవితంలో విశ్వేశ్వరయ్యగారికి అడుగడుగునా ఎదురైన సత్యం ఇదే. దేశంలో పనివారికి కొరత లేదు. తండ్రి వద్ద కొడుకు, మేస్త్రి వద్ద కూలీ కంటితో చూచి నేర్చుకున్న నైపుణ్యానికీ కొరత లేదు. లోపించినది వేరు. పటం చదవడం, కొలత తప్పకపోవడం, క్రొత్త యంత్రం వచ్చినపుడు దాని స్వభావం గ్రహించడం ఆ పనివారికి నేర్పే పాఠశాలలు దేశంలో బహు స్వల్పం.

1898లో ఆయన జపాను దేశం పర్యటించారు. అప్పటికి ఆ దేశం ఆధునిక మార్గంలో అడుగుపెట్టి మూడు దశాబ్దాలే అయింది. అంత స్వల్పకాలంలో ఒక చిన్న ద్వీపరాజ్యం పాశ్చాత్యులతో సమానంగా ఓడలు, యంత్రాలు నిర్మించుకోవడం చూచి ఆయన ఆశ్చర్యపడి, కారణం వెదకారు. బాలబాలికలందరికీ నిర్బంధ ప్రాథమిక విద్య, దానిపైన వృత్తి విద్యాలయాలు ఆయనకు కనిపించాయి. చదువుకున్నవాడు పని చేయడు, పని చేసేవాడు చదువుకోడు అన్న మన దేశపు దురవస్థ ఆ పోలికలో ఆయనకు స్పష్టంగా తెలిసివచ్చింది.

ఆనాటి బొంబాయి రాష్ట్రంలో భారతీయునికి చీఫ్ ఇంజనీరు పదవి అందని పండు. విశ్వేశ్వరయ్యగారు 1908లో స్వచ్ఛందంగా ఉద్యోగ విరమణ చేసి విదేశ యాత్రకు వెళ్లారు. ఆ సంవత్సరమే సెప్టెంబరు 28న హైదరాబాదు నగరాన్ని మూసీ వరద ముంచెత్తింది. ఎగువనున్న చెరువులు ఒకదాని వెంట ఒకటి తెగి, నగరంలో వేలాది ప్రాణాలు నీటిపాలయ్యాయి. అప్పుడు ఇటలీలో ఉన్న విశ్వేశ్వరయ్యగారికి నిజాము ప్రభుత్వం నుండి ఆహ్వానం అందింది. 1909లో ఆయన హైదరాబాదు వచ్చి, నదీ పరీవాహక ప్రాంతమంతా పరిశీలించి, నగరానికి ఎగువన మూసీ మీద, దాని ఉపనది ఈసీ మీద రెండు జలాశయాలు నిర్మించాలని సూచించారు. వరదను అడ్డుకోవడం, నగరానికి త్రాగునీరు ఇవ్వడం అనే రెండు ప్రయోజనాలు ఒకే నిర్మాణంతో నెరవేరే పథకమిది. దాని ఫలితమే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. హైదరాబాదు రాజ్యంలో ఇటువంటి జలనిర్మాణాలను ముందుకు నడిపిన స్వదేశీ ఇంజనీర్లలో నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ అగ్రగణ్యులు. నిజాంసాగర్ నిర్మాతగా ఆయన కీర్తి శాశ్వతం. తెలుగువాని ఆలోచనలు, ఉర్దూ పలికే ఇంజనీర్ల దక్షత, పాలమూరు మొదలైన ప్రాంతాల నుండి వచ్చిన మట్టిపనివారి, రాతిపనివారి శ్రమ కలిసి నాటి ఆ రాజ్యంలో జలాశయాలను నిలబెట్టాయి.

1909 చివర ఆయన మైసూరు సంస్థానపు చీఫ్ ఇంజనీరు పదవి స్వీకరించారు. కావేరి మీద శివనసముద్రం వద్ద 1902లోనే జలవిద్యుత్కేంద్రం నెలకొని, దాదాపు 150 కిలోమీటర్ల దూరంలోని కోలారు బంగారు గనులకు విద్యుత్తు పంపుతున్నది. కాని వేసవిలో నదీ ప్రవాహం తగ్గినపుడు విద్యుత్తు కూడా తగ్గేది. ఎగువన ఆనకట్ట కట్టి నీరు నిలువ చేస్తే, సంవత్సరమంతా విద్యుత్తు, లక్షల ఎకరాలకు సాగునీరు లభిస్తాయని ఆయన వాదించారు. ఆర్థికశాఖ సందేహించింది. దిగువనున్న మద్రాసు ప్రభుత్వం అభ్యంతరం తెలిపింది. వాటిని దాటుకొని 1911లో కృష్ణరాజసాగర నిర్మాణం ప్రారంభమయింది. పని పూర్తి కావడానికి ఇరవై సంవత్సరాలు పట్టింది. బొగ్గు తరగిపోవచ్చును, నీటి శక్తి తరగదు అన్న నేటి పునరుత్పాదక శక్తి సూత్రాన్ని మన దేశంలో ముందుగా ఆచరించిన సంస్థానాలలో మైసూరు ఒకటి.

ఆ ఆనకట్ట నిర్మాణంలో దిగుమతి చేసుకొనే సిమెంటుకు బదులుగా సుర్కీ వాడారు. బాగా కాలిన ఇటుకను పొడిచేసి, సున్నంతో కలిపి నూరిన మిశ్రమమే సుర్కీ. ఇది మన తాపీ మేస్త్రీలకు తాతల నాటి నుండి పరిచితమైన వస్తువు. కాని ఇంటి గోడకు సరిపోయే పాళ్లు మహానదిని ఆపే గోడకు సరిపోవు. పాళ్లు లెక్కించి, పరీక్షించి, వేలాది పనివారిచేత ఒకే తీరుగా కలిపించవలసి వచ్చింది. సంప్రదాయ నైపుణ్యానికి శాస్త్ర శిక్షణ తోడైతే ఎంతటి బలం కలుగుతుందో ఆ కట్టడమే సాక్ష్యం. దాదాపు వంద సంవత్సరాలుగా అది చెక్కుచెదరక నిలిచి ఉన్నది.

1912లో మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడయారు ఆయనను దివానుగా నియమించారు. ఆయన ఆరేళ్ల పాలనలో మైసూరు బ్యాంకు, మైసూరు విశ్వవిద్యాలయం, గంధపు నూనె కర్మాగారం మొదలైనవి వెలిశాయి. నిర్బంధ ప్రాథమిక విద్యకు 1913లో చట్టం వచ్చింది. ఆ ఆరేళ్లలో పాఠశాలల సంఖ్య దాదాపు 4,500 నుండి 10,500కు, విద్యార్థుల సంఖ్య దాదాపు 1,40,000 నుండి 3,66,000కు పెరిగింది. 1917లో బెంగుళూరులో ఇంజనీరింగు కళాశాల స్థాపించారు. అంతకు ముందే 1913లో బెంగుళూరులో యాంత్రిక విద్యాపాఠశాల, మైసూరులో చామరాజేంద్ర సాంకేతిక విద్యాలయం, హెబ్బాళలో వ్యవసాయ పాఠశాల ఏర్పడినవి. ఈ వరుస క్రమంలో ఒక అర్థమున్నది. పట్టభద్ర ఇంజనీర్లను తయారుచేసే కళాశాల కంటె ముందు, చేతితో పనిచేసేవారికి విద్యాలయాలు వచ్చాయి. పునాది తరువాతనే గదా గోపురం!

ఆయన జీవితంలో వివాదాస్పదమైన ఘట్టం కూడా ఒకటి ఉన్నది. దానిని దాచి జీవితచరిత్ర వ్రాయడం న్యాయం కాదు. సంస్థానంలోని ఉద్యోగాలలో అధికభాగం ఒక వర్గం వారికే దక్కుతున్నదని, వెనుకబడిన కులాలవారికి, ముస్లిములకు తగిన భాగం లేదని ఆందోళన చెలరేగగా, మహారాజు 1918లో సర్ లెస్లీ మిల్లర్ అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించారు. విశ్వేశ్వరయ్యగారు ఉద్యోగ నియామకాలకు యోగ్యత ఒక్కటే ప్రమాణం కావాలని నమ్మినవారు. మహారాజుతో ఏకీభవించలేక ఆ సంవత్సరాంతంలో పదవి విడిచిపెట్టారు. మిల్లర్ సంఘం 1919లో నివేదిక ఇచ్చింది. వెనుకబడిన వర్గాలకు ఉద్యోగాలలో భాగం కల్పించడంలో దేశానికే అది ఒక తొలి మెట్టయింది.

యోగ్యత అనేది ఆకాశం నుండి ఊడిపడదు. దానిని సంపాదించుకొనే అవకాశం ఎవరికి కలిగినది, ఎవరికి కలుగలేదు అన్న ప్రశ్న ముందుగా వేయాలి. ఆ మహామేధావి నాడు ఆ ప్రశ్నకు తగిన విలువ ఇవ్వలేదని ఒప్పుకొనక తప్పదు. మేనమామ ఆదరణ, ప్రభుత్వ విద్యార్థి వేతనం లేకుంటే ముద్దెనహళ్లి బాలుని యోగ్యత కూడా వెలుగులోకి వచ్చేది కాదేమో! అయితే పదవి విడిచిన తరువాత ఆయన చేసిన కృషిని చూచినచో, విశ్వవిద్యాలయపు గడప తొక్కలేని వారి బ్రతుకు గురించిన చింత ఆయనను విడువలేదని తెలుస్తుంది.

1921లో బొంబాయి ప్రభుత్వం సాంకేతిక, పారిశ్రామిక విద్యను గురించి నియమించిన సంఘానికి ఆయన అధ్యక్షులయ్యారు. 1923లో ఉత్పత్తి ఆరంభించిన భద్రావతి ఇనుప కర్మాగారం నష్టాలలో చిక్కుకొనగా, దాని పాలకమండలి అధ్యక్షత వహించి 1929 వరకు నడిపారు. విదేశీ నిపుణుల స్థానంలో స్వదేశీయులను తర్ఫీదు చేసి నిలబెట్టడం అక్కడ ఆయన సాధించిన ముఖ్య విజయం. కర్మాగారం నిలద్రొక్కుకొనే వరకు తన ప్రతిఫలాన్ని ఆయన తీసుకోలేదు. కొన్నేళ్ల తరువాత ఆ బాకీ మొత్తం లక్ష రూపాయలను మించింది. ఆ రోజులలో అది గొప్ప ధనం. ఆ సొమ్మును తనకు ఇవ్వవద్దని, యువకులకు చేతివృత్తులు నేర్పే ఒక విద్యాలయానికి వినియోగించాలని ఆయన ప్రభుత్వాన్ని కోరారు.

ఆ విధంగా 1943లో బెంగుళూరులో వృత్తి విద్యాలయం ఒకటి వెలసింది. దానికి ఆయన పేరు పెట్టాలన్న ప్రతిపాదనను అంగీకరించక, మహారాజు జయచామరాజేంద్ర ఒడయారు పేరు పెట్టించారు. అదే నేటి శ్రీ జయచామరాజేంద్ర పాలిటెక్నిక్. తరువాతి కాలంలో అక్కడ నేర్పిన విద్యలలో సినిమా ఛాయాగ్రహణం కూడా ఉన్నది. హిందీ చిత్రసీమలో వెలుగునీడల మాంత్రికుడుగా పేరొందిన వి.కె. మూర్తి, దర్శకుడైన గోవింద్ నిహలానీ ఆ విద్యాలయపు విద్యార్థులే. చేతివృత్తి అనగానే తక్కువచూపు చూసేవారు ఈ సంగతి జ్ఞప్తిలో ఉంచుకోవాలి. కెమెరా పట్టినా, వెల్డింగు కడ్డీ పట్టినా, రసమట్టం పట్టినా కావలసినది ఒకటే. చేతికి అభ్యాసం, కంటికి కొలత, మనస్సుకు శ్రద్ధ.

వార్ధక్యం ఆయన దరికి చాలకాలం రాలేదు. 1934లో భారతదేశానికి ప్రణాళికాబద్ధమైన ఆర్థిక వ్యవస్థను ప్రతిపాదిస్తూ గ్రంథం వ్రాశారు. 1941లో అఖిల భారత ఉత్పత్తిదారుల సంస్థను నెలకొల్పారు. తొంబది సంవత్సరాలు దాటిన పిదప బీహారులోని మొకామా వద్ద గంగపై నిర్మించదలచిన వంతెన విషయమై స్థల పరిశీలన చేసి సలహా ఇచ్చారు. 1955లో భారత ప్రభుత్వం భారతరత్న బిరుదుతో సత్కరించింది. తలపాగా, కోటుతో నిటారుగా నిలిచే ఆ విగ్రహం, గడియారపు ముల్లు వంటి సమయపాలన, ప్రభుత్వ ధనం పట్ల నిక్కచ్చితనం దేశమంతటా కథలుగా చెప్పుకొనబడినవి. 1962 ఏప్రిల్ మాసంలో, నూరేళ్లు దాటిన పరిపూర్ణ జీవితాన్ని ముగించి, ఆయన పరమపదించారు.

ఈ జీవితం మన సముద్రతీరపు యువతకు ఏమి బోధిస్తున్నది? మన జిల్లాలో తాపీ పనివాని చేయి శ్రద్ధగా ఉన్నదా లేదా అన్నది ప్రాణానికి సంబంధించిన విషయం. 1989 నవంబరులో కావలి సమీపాన తీరం దాటిన తుపాను వంటివి మన తీరానికి క్రొత్త కావు. తీరంలో ఉప్పు కలిసిన ఇసుకతో, ఉప్పునీటితో కాంక్రీటు కలిపినచో లోపలి ఇనుప కడ్డీకి తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన కడ్డీ ఉబ్బి, చుట్టూ ఉన్న కాంక్రీటును పగులగొడుతుంది. కడ్డీ మీద కాంక్రీటు కప్పు తగినంత మందం లేకపోయినా అదే గతి. పైకి నున్నగా కనిపించే స్తంభం కొన్నేళ్లకే బలహీనమవుతుంది. ఈ సంగతి తెలిసిన మేస్త్రి కట్టిన ఇంటికి, తెలియని మేస్త్రి కట్టిన ఇంటికి తేడా తుపాను రాత్రి తెలుస్తుంది.

సౌరశక్తి విషయమూ అంతే. నేడు ఇంటి కప్పుల మీద సౌర ఫలకాలు వెలుస్తున్నాయి. కప్పు ఆ బరువును మోయగలదా, గాలివాన పెకలించకుండా చట్రాన్ని ఎట్లు బిగించాలి, ఉప్పుగాలికి తట్టుకొనే లోహమేది, పిడుగు పడినపుడు విద్యుత్తు భూమిలోకి పోయే దారి ఏది అని ఎరిగినవాడే దానిని అమర్చదగినవాడు. ఇందుకు వలసిన శిక్షణకు మార్గాలు నేడు లేకపోలేదు. స్వాతంత్ర్యానంతరం 1950లో చేతివృత్తుల శిక్షణ పథకం ప్రారంభమై ఐ.టి.ఐ.లు దేశమంతటా విస్తరించాయి. 1961లో అప్రెంటిసుల చట్టం వచ్చింది. నిర్మాణరంగ పనివారి శిక్షణకై 1998లో హైదరాబాదులో జాతీయ నిర్మాణ అకాడమీ ఏర్పడింది. సౌర విద్యుత్ పనివారిని తయారుచేయడానికి కేంద్రప్రభుత్వం 2015లో సూర్యమిత్ర అనే 600 గంటల శిక్షణను ప్రారంభించింది.

మార్గాలున్నా మన మనస్సులలోని అడ్డుగోడ ఇంకా కూలలేదు. పట్టా ఉండి పనిలేక ఇంట కూర్చున్న కుమారుని చూచి విచారించే తల్లిదండ్రులే, వానిని ఫిట్టరు పనికో వైర్‌మన్ పనికో పంపడానికి నామోషీ పడుతున్నారు. నిర్మాణపు పనులలో తట్టలు మోసే స్త్రీలు లెక్కకు మిక్కిలి ఉన్నారు గాని తాపీ పట్టడం వారికి నేర్పేవారు అరుదు. తరతరాలుగా రాయి, ఇనుము, కొయ్య, మట్టి పనులలో ఆరితేరిన కులాలవారి బిడ్డలు, ఆ పనికి గౌరవం లేదని దానిని విడిచిపెట్టి, మరొక పని దొరకక వలసపోతున్నారు. యోగ్యత వారి చేతిలోనే ఉన్నది. దానికి శాస్త్రాన్ని జోడించే పాఠశాల, ఆ పాఠశాల దాకా నడిపించే ఆదరణ, నేర్చిన పనికి తగిన వేతనం వారికి కావాలి.

విద్యార్థి మిత్రులారా! మనలో అందరమూ విశ్వేశ్వరయ్యలు కాలేకపోవచ్చును. కాని దేశంలోని ఏ ఆనకట్టను చూచినా, అందులో ఒక ఇంజనీరు పేరుతోపాటు పేరు తెలియని పదివేల చేతులు కనిపిస్తాయి. తన కష్టార్జితమైన లక్ష రూపాయలను ఆ చేతుల కోసం వెచ్చించిన మహనీయుడు నంది కొండల పాదాన పుట్టినవాడు. ఆ కొండల నీరు పెన్నమ్మగా మన పొలాలకు పారుతున్నది. ఆయన ఆశయం కూడా మన ఊళ్లకు పారి, మన తీరంలోని ప్రతి పేద ఇంటి బిడ్డకు ఒక విద్యను, ఒక పనిని, ఆ పనికి తగిన గౌరవాన్ని ప్రసాదించుగాక!